ఓరుగల్లు యాత్రకు గైడు మేలా, ఫోను మేలా?

వరంగల్ వెళ్తున్నామని చెప్పగానే రెండు రకాల సలహాలు వినిపిస్తాయి. గైడు దండగ, అంతా ఫోనులోనే ఉంది కదా అని కొందరు అంటారు. గైడు లేకపోతే రాళ్లు లెక్కపెట్టుకుని రావడమే అని ఇంకొందరు. నన్నడిగితే ఈ ప్రశ్నకు వరంగల్ మొత్తానికీ సరిపోయే జవాబు లేదు. రామప్ప గుడికి అక్కరకొచ్చే ఏర్పాటు ఖిలా వరంగల్‌లో అక్కరకు రాదు. వేయిస్తంభాల గుడికి చాలినది బొగత జలపాతం దగ్గర చాలదు. అందుకే ముందు చూడాల్సింది ఫోను గొప్పదా, మనిషి గొప్పవాడా అని కాదు, వెళ్లే చోటు ఎలాంటిదని. నా పక్షం మొదటే చెప్పేస్తాను: గైడుకు ఒక్కచోటే డబ్బు పెట్టగలిగితే దాన్ని రామప్పలో పెట్టండి.

రామప్పలో మనిషే కావాలి

పాలంపేటలో ఈ గుడిని 1213లో కట్టించినవాడు కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది 2021 జూలైలో. వరంగల్ నుంచి ములుగు మీదుగా దాదాపు 70 కిలోమీటర్ల దారి. ఇంతవరకు ఏ ఫోనైనా చెబుతుంది. ఫోనుకు కష్టం గుడి మెట్లెక్కాక మొదలవుతుంది. అక్కడ చెక్కడం లేని జానెడు చోటు వెతికినా దొరకదు. ఎక్కడ చూపు నిలపాలో తెలియక కళ్లు తిరుగుతూనే ఉంటాయి. పావుగంటలో అంతా చూసేశామనుకుని జనం చెరువు గట్టు వైపు వెళ్లిపోతారు.

పని తెలిసిన గైడు ఏం చేస్తాడో ఒక్క స్తంభం దగ్గర గమనిస్తే చాలు. రంగమండపం మధ్యనున్న నల్లరాతి స్తంభాల్లో ఒకదాని పక్కన నిలబడి, చేతిలోని టార్చిని రాతికి ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు రాతికి ఆనించి పట్టుకుంటాడు. అంతదాకా నున్నటి నలుపులో కలిసిపోయి ఉన్న నాట్యగత్తె అప్పుడు రాతిలోంచి పైకి లేస్తుంది. మెడలో హారం విడిగా కనిపిస్తుంది, దాని కింద పడిన నీడ విడిగా కనిపిస్తుంది. తర్వాత సన్నని పుల్ల ఒకటి తీసి, చెక్కడం వెనక నుంచి తొలిచిన రంధ్రాల్లోకి దూర్చి చూపిస్తాడు. పుల్ల ఇటు దూరి అటు తేలుతుంది. శిల్పి ఆ బొమ్మను రాతి మీద గీయలేదని, రాతి నుంచి దాదాపు విడదీశాడని అప్పుడు అర్థమవుతుంది. ఈ పని చేయాలంటే వెలుగు ఎటు నుంచి పడాలో తెలిసిన చెయ్యి ఉండాలి.

ఆడియో పర్యటన యాప్‌లతో ఇక్కడ వచ్చే చిక్కు ఇంతే. 'మీ ఎడమవైపు స్తంభం పైభాగాన' అని చెవిలో గొంతు మొదలుపెడుతుంది. ఎవరికి ఎడమ, ఏ స్తంభం, పైన అంటే దూలమా, కప్పా అని మనం తేల్చుకునేలోపు అది క్షీరసాగర మథనం ముగించి త్రిపుర సంహారంలోకి వెళ్లిపోతుంది. ఆపాలి, వెనక్కి తిప్పాలి, మళ్లీ తల పైకెత్తాలి. మెడ నొప్పి తప్ప మిగిలేది తక్కువ. పైగా ఇంటిల్లిపాదీ వెళ్లినప్పుడు ఒక్కొక్కరి చెవిలో ఒక్కో చోట కథ నడుస్తుంటే, పక్కవాళ్లతో 'అదిగో చూడు' అనుకునే వీలే పోతుంది. అమ్మమ్మలూ తాతయ్యలూ వెంట ఉంటే నిర్ణయం ఇంకా తేలిక. తెలుగులో ఎదురుగా నిలబడి చెప్పే మనిషిని వాళ్లు నాలుగు ప్రశ్నలు అడుగుతారు, ఇయర్‌ఫోను పెట్టుకోమంటే మండపం అంచున కూర్చుండిపోతారు.

గుడి వెలుపల చూరు కింద వాలుగా నిలిచిన నల్లరాతి మదనికలను, అంటే నిలువెత్తు స్త్రీ శిల్పాలను మాత్రం ఎవరూ చూపించకపోయినా కళ్లు పట్టేసుకుంటాయి. వాళ్లలో ఒకామె కాలికి మడమ ఎత్తున్న పాదరక్షలు ఉన్నాయి. ప్రతి గైడూ అక్కడ ఆగి, ఎనిమిది వందల ఏళ్ల నాడే హైహీల్స్ అంటాడు. నవ్వి ముందుకు కదలండి, వాదన అక్కర్లేదు. దానికన్నా అడగదగ్గ ప్రశ్న పేరిణి గురించి. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ పేరిణి అనే కాకతీయుల నాటి నాట్యాన్ని తిరిగి నిలబెట్టినప్పుడు ఆధారం చేసుకున్నవి రెండు: గణపతిదేవుని గజసేనాని జాయప రాసిన నృత్త రత్నావళి, ఈ గుడి మీది నాట్య భంగిమలు. శాస్త్రం కాగితం మీద ఉంటే దాని బొమ్మలు ఇక్కడి రాతి మీద ఉన్నాయన్నమాట. ఆ సంగతి తెలిసిన గైడు ఒక బొమ్మ దగ్గర ఆగి, మోకాలు వంచి, చెయ్యి తిప్పి ఆ భంగిమ తానే పట్టి చూపిస్తాడు. అలాంటివాడు దొరికితే గంట ఎక్కువైనా వదులుకోకండి.

మనిషికి ఉన్న ఇంకో సౌకర్యం, చెప్పే కథ ఏటికేడు కొత్తదవుతుంది. రామప్ప శిఖరానికి వాడిన తేలిక ఇటుకల గురించి, పునాది గోతిని ఇసుకతో నింపి కట్టిన పద్ధతి గురించి చాలా ఏళ్లుగా చెబుతున్నారు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లా కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. అప్పటి నుంచి ఆ ఇసుక పునాది మాట వినేవాళ్ల చెవులు నిక్కబొడుచుకుంటున్నాయి. అంతకు ముందు రికార్డు చేసి పెట్టిన ఆడియోకు ఆ ఉదయం సంగతి తెలియదు.

అయితే గైడు చెప్పేదంతా నమ్మాలా?

అక్కర్లేదు. ఇక్కడే గైడూ, వీడియోలూ, ఏఐ సహాయకులూ ఒకే తానులో ముక్కలు. ఆలయాలనే తారామండలంలో అత్యంత ప్రకాశవంతమైన తార రామప్ప అని మార్కోపోలో అన్నాడనే మాట మీరు గుడి దగ్గర వింటారు, యూట్యూబులో వింటారు, ఫోనును అడిగితే అదీ చెబుతుంది. మార్కోపోలో గ్రంథంలో మన వైపు ప్రస్తావన ఉన్న మాట నిజమే. ముత్ఫిలి అనే రాజ్యం, అంటే మోటుపల్లి రేవు ప్రాంతం, దాన్ని న్యాయంగా ఏలుతున్న రాణి, అక్కడి వజ్రాలు, సాలెగూడంత సన్నని బట్టలు, ఇవీ ఆయన రాసినవి. రామప్ప ఊసే లేదు. ఒకరు అన్నది పదిమంది ఎత్తి రాసుకుంటే, ఆ పదిమందినీ చదివిన యంత్రం దాన్ని పదకొండోసారి చెబుతుంది.

తేడా ఎక్కడంటే, గైడును 'ఇది మీకెలా తెలుసు?' అని అడిగినప్పుడు ఆయన ముఖం మీకు జవాబు చెప్పేస్తుంది. బాగా తెలిసినవాడు 'ఇది శాసనంలో ఉంది, అది మాత్రం జనం చెప్పుకునేది' అని రెంటినీ విడదీసి చెబుతాడు. కట్టించినవాడి పేరు, సంవత్సరం శాసనం చెప్పేవి. గుడికి శిల్పి రామప్ప పేరే స్థిరపడిందన్నది వాడుకలో ఉన్న నమ్మకం. ఈ గీత గీయగల గైడుకు అడిగిన డబ్బు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ఏఐ మాత్రం శాసనాన్నీ పుక్కిటి పురాణాన్నీ ఒకే గొంతుతో, అంతే ధీమాగా చెబుతుంది.

కాకతీయుల విషయంలో ఏఐని పరీక్షించడం తేలిక. రుద్రుల గురించి అడగండి. 1163లో వేయిస్తంభాల గుడి కట్టించింది రుద్రదేవుడు, కాకతీయ రాజు. 1213లో రామప్ప కట్టించింది రేచర్ల రుద్రుడు, సేనాని. 1323లో ఢిల్లీ సేనలకు చిక్కింది ప్రతాపరుద్రుడు, చివరి రాజు. నడుమ రుద్రమదేవి ఉండనే ఉంది. ఈ నలుగురినీ కలగాపులగం చేయకుండా జవాబు వస్తే మిగతావి అడగవచ్చు. నా మటుకు నేను దాన్ని వాడే తీరు వేరు. బయలుదేరే ముందు రాత్రి, ఫలానా గుడిలో గైడును ఏమేం అడగాలో పది ప్రశ్నలు రాసివ్వమంటాను. జవాబుల్లో తడబడే యంత్రం ప్రశ్నలు తయారు చేయడంలో మాత్రం చురుకైనది.

ఇక శాసనాల మీద ఫోను కెమెరా పట్టి అనువాదం కోసం ఎదురుచూడకండి. పురావస్తు శాఖ పెట్టిన ఇంగ్లీషు బోర్డును అది చక్కగా తెలుగు చేస్తుంది, హిందీ బోర్డునూ చదువుతుంది. వేయిస్తంభాల గుడిలోని హనుమకొండ శాసనం అచింతేంద్రుడు అనే కవి కూర్చిన సంస్కృతం, లిపి ఆనాటి తెలుగు-కన్నడ లిపి. మన కళ్లకు సగం అక్షరాలు తెలిసినట్టే ఉండి చదవబోతే చిక్కవు. ఫోనుకు ఆ సగమూ చిక్కవు.

ఖిలా వరంగల్‌లో ఫోనుదే పైచేయి

కోటలో తూకం తారుమారవుతుంది. అక్కడ గైడు దొరికినా సాధారణంగా నాలుగు తోరణాల ఆవరణలోనే పర్యటన మొదలై, అక్కడే ముగుస్తుంది. తోరణాలు గొప్పవే, తెలంగాణ రాజముద్రలో కనిపించేది వాటి రూపమే. కానీ కోట అంటే ఆ ఆవరణ ఒక్కటే కాదు. అది మైళ్ల పొడవున పరుచుకున్న కట్టడం, మధ్యలో ఊరుంది, ఇళ్లున్నాయి, పొలాలున్నాయి, ఆటోలు తిరిగే రోడ్లున్నాయి. నేల మీద నిలబడి చూస్తే ఇక్కడో గోడ ముక్క, అక్కడో గుమ్మం తప్ప ఒక ఆకారం మనసులో కుదరదు.

ఫోనులో మ్యాపు తెరిచి ఉపగ్రహ చిత్రంలోకి మార్చండి. ఊరిని చుట్టి దాదాపు గుండ్రంగా గీసినట్టున్న రాతి గోడ, దాని వెంబడి కందకపు చార కనిపిస్తాయి. ఆ గోడ వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, దాని మీద 45 బురుజులు. వేళ్లతో తెరను కాస్త కుదిస్తే దాని చుట్టూ మట్టికోట వలయం బయటపడుతుంది. ఇంకా కుదిస్తే అంతకన్నా పెద్ద మట్టికట్ట జాడలు. ఒక వలయంలో ఇంకో వలయం, అన్నింటికీ నడిమధ్య స్వయంభూ శివాలయం ఉన్న చోటు, దానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. గణపతిదేవుడూ రుద్రమదేవీ నగరాన్ని ఎలా ఊహించుకున్నారో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఈ చూపును ఏ గైడూ ఇవ్వలేడు, ఎందుకంటే దానికి ఆకాశంలో నిలబడాలి.

కాబట్టి కోటకు నా సలహా ఇది. ముందుగా మ్యాపు చూసుకుని, తూర్పునో పడమరనో ఒక రాతి ద్వారం దగ్గర దిగండి. ద్వారం నేరుగా లోపలికి తెరుచుకోదు, లోపలికి వెళ్లేవాడు మలుపు తిరగక తప్పదు. శత్రువు ఏనుగు పరుగున వచ్చి తలుపును ఢీకొట్టే వీలు లేకుండా చేసిన ఏర్పాటది. ఆ మలుపులో నడిచి, మ్యాపులో మీరున్న నీలిచుక్క గోడ దాటడం చూసుకుంటూ తోరణాలకు చేరండి. ఒకరోజు ముందు కోట గురించి రెండు పేజీలు చదువుకుంటే మధ్యలో ఎవరూ చెప్పాల్సిన అవసరం రాదు. కోటలోని ఖుష్ మహల్ అనే భవనాన్ని, కాకతీయుల తర్వాత వరంగల్‌ను ఏలినవాళ్లలో ఒకడైన శితాబ్ ఖాన్ పేరుతో ముడిపెట్టి చెబుతారు, లోపలికి వాలిన దాని గోడలూ కమానులూ తుగ్లక్‌ల కట్టడాలను గుర్తుకు తెస్తాయి. లోపల దాచిన శిల్పాలను చూడటం మరవకండి. సాయంత్రం ధ్వని, కాంతి ప్రదర్శన చూడాలనుకుంటే ఆ రోజు ఉందో లేదో, ఏ భాషలో ఉందో ముందే కనుక్కోండి.

వేయిస్తంభాల గుడికి గైడూ వద్దు, యాప్ కూడా వద్దు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ కట్టిన త్రికూటాలయమని, ఎదురుగా ఉన్న నల్లరాతి నంది చేతితో తడిమి చూడాల్సినంత నునుపని తెలిస్తే చాలు. ఇక్కడ వీడియోలతో మాత్రం జాగ్రత్త. విడదీసిన కళ్యాణ మండపాన్ని మళ్లీ పేర్చడానికి ఏళ్లు పట్టి, 2024 మార్చిలో తెరిచారు. అంతకు ముందు తీసిన వీడియోలు చూసి వెళ్లినవాళ్లు మండపం మూసి ఉంటుందనుకుని దాని దాకా వెళ్లకుండానే తిరిగిపోతున్నారు. వీడియో ఎప్పటిదో తేదీ చూడండి.

హనుమకొండ, భద్రకాళి, పద్మాక్షి గుట్ట తిరగడానికి ఆటో డ్రైవరే సగం గైడు. ఏ గుడి తలుపులు ఎప్పుడు మూస్తారో, మిర్చిబజ్జీలు ఎక్కడ వేడిగా దొరుకుతాయో ఆయనకు తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు. చరిత్ర మాత్రం అడగకండి, ప్రతి గుడి నుంచీ కోటకు సొరంగం తవ్వేస్తాడు.

మ్యాపు మోసం చేసే పేర్లు

ఉత్తర తెలంగాణలో ఫోను దారి చూపిస్తుంది నిజమే, కానీ పేరు సరిగా ఇస్తేనే. రామప్ప ఉన్నది ములుగు జిల్లా వెంకటాపూర్ మండలంలో. అదే జిల్లాలో గోదావరికి అవతల వెంకటాపురం అని ఇంకో మండలం ఉంది. ముత్యాలధార జలపాతానికి వెళ్లాలంటే ఆ రెండోది. అలాగే కోటగుళ్లు చూడటానికి వెళ్లాల్సిన ఘన్‌పూర్ భూపాలపల్లి జిల్లాలో, రామప్పకు దగ్గరలో ఉంది. స్టేషన్ ఘన్‌పూర్ వరంగల్‌కు అటువైపు, హైదరాబాద్ దారిలో జనగామ జిల్లాలో ఉంది. ఊరి పేరు కాకుండా గుడి పేరో, జలపాతం పేరో టైపు చేసి, వచ్చిన దారి ములుగు వైపు వెళ్తోందో లేదో ఒకసారి చూసుకుంటే పూట మిగులుతుంది. తాడ్వాయి అడవిలోకి వెళ్లాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, మ్యాపును ఇంటి దగ్గరే దింపి పెట్టుకోండి. మేడారం జాతర రోజుల్లో ఫోను మీద ఆశ పెట్టుకోకండి. గద్దెల దగ్గర అంత జనంలో మాట కలవదు. ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకుని బయలుదేరాలి.

అడవిలో ఇంకొకరి మాట వినాలి

ఇది మాత్రం సరదా విషయం కాదు. 2023 జూలై చివర భారీ వర్షాలప్పుడు ముత్యాలధార చూడటానికి వెళ్లిన దాదాపు 80 మంది వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. రాత్రంతా అక్కడే ఉంటే విపత్తు సహాయ దళాలు బయటికి తెచ్చాయి. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. జలపాతం దారి మ్యాపులో కనిపిస్తుంది, పై కొండల్లో ఎంత వాన కురిసిందో, ఇంకెంతసేపట్లో వాగు దాటలేని స్థితికి వస్తుందో కనిపించదు. వానాకాలంలో బొగతకైనా, ముత్యాలధారకైనా అటవీ సిబ్బంది వద్దంటే వెనక్కి తిరగడమే. వీడియోలో ఎవరో దిగి ఈదుతున్నారని మీరు దిగకండి.

రేగొండ దగ్గరి పాండవుల గుట్టలకు వెళ్లేవాళ్లు కూడా అక్కడి మనిషినే వెంట తీసుకెళ్లాలి. ఆదిమానవులు ఎర్రరంగుతో వేసిన బొమ్మలు ముందుకు వంగిన బండల కింద ఉంటాయి. మ్యాపు గుట్ట దాకా తీసుకెళ్తుంది, ఏ బండ కింద తల వంచాలో తెలిసినవాళ్లు చెప్పాలి. వెతుక్కుంటూ తిరిగితే ఎండా, ఆయాసం మిగులుతాయి.

గైడును మాట్లాడుకోవడం

పర్యాటక శాఖ గుర్తింపు కార్డు చూపించమనడానికి మొహమాటపడకండి. కార్డు ఉన్నంత మాత్రాన మంచి గైడు అని కాదు, ఏదైనా తేడా వస్తే అడగడానికి ఒక చిరునామా ఉందని. ఆ తర్వాత మొదటి ఐదు నిమిషాలు గమనించండి. మీకు ఎంత సమయం ఉంది, ఇంతకు ముందు ఏం చూశారు, పిల్లలకు ఎన్నేళ్లు అని ఆయన అడిగితే సరైన మనిషి దొరికినట్టే. ఏమీ అడగకుండా గుక్క తిప్పుకోకుండా మొదలుపెడితే అది ఆడియో రికార్డే, మీరు దానికి ఎక్కువ డబ్బు ఇస్తున్నారు. ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయో చూపిస్తానని చెప్పేవాణ్ణి మర్యాదగా పంపేయండి, ఆ పని ఫోనే చేస్తుంది.

ఆదివారాలూ సెలవు రోజుల్లో ఒక్కో గైడు గుంపు వెంట గుంపును తిప్పుతుంటాడు, టార్చి పట్టి చూపే తీరిక ఉండదు. పని దినాల్లో పొద్దున్నే వెళ్లగలిగితే వెళ్లండి. ఎండాకాలమైతే అది ఎలాగూ తప్పదు, చెప్పులు విప్పాక రాతి నేల మీద మధ్యాహ్నం అడుగు పెట్టలేరు. రుసుము ఎంత, ఎంతసేపు, మనిషికా, బృందానికా అన్నది గుడి గేటు బయటే తేల్చుకోండి. నలుగురైదుగురు ఉన్న కుటుంబం ఇంకో చిన్న కుటుంబంతో కలిస్తే ఖర్చు సగమవుతుంది, వినికిడి పాడవదు. అంతకు మించి కలపకండి.

ఘన్‌పూర్ కోటగుళ్ల దాకా కూడా వస్తారా అని రామప్పలోనే అడగండి. అక్కడి గుళ్ల సముదాయం చాలావరకు శిథిలమై ఉంది, అక్కడికక్కడే గైడు దొరుకుతాడని నమ్ముకోకూడదు, ఫోనులోనూ దాని గురించి పెద్దగా ఏమీ లేదు. మీ కారులో ఒక సీటు ఖాళీ ఉంచుకుంటే రామప్ప గైడునే వెంట తీసుకెళ్లవచ్చు. వస్తానంటే ఆయన్ని తిరిగి పాలంపేటలో దింపాలా, బస్సు దొరికే చోట దింపితే చాలా అన్నది కూడా అప్పుడే మాట్లాడుకోండి.